గాలిమరలును ఆకాశ తరంగములును



గాలిమరలు నాటినచోట రేడియో గరగరలాడుననియు, టెలివిజనులో బొమ్మ వణకుననియు, సెల్లుఫోను మూగవోవుననియు మన ఎగువ భూములలో ఒక మాట వినవచ్చుచున్నది. తన చెలకను గాలిమరల కంపెనీవారికి ఇయ్యవచ్చునా, కూడదా యని తర్కించుకొనుచున్న రైతొకడు నన్ను, “సారూ, గాలిమర వెట్టినంక ఊర్ల ఫోను పలుకదంట, నిజమేనా?” యని అడిగెను. అవుననిగాని కాదనిగాని ఒక్కమాటలో తేల్చుటకు వీలైన ప్రశ్న కాదది. ఆ మాట పుట్టిన దేశము వేరు, పుట్టిన కాలము వేరు. అది ఎక్కడ పుట్టినదో, మన పాలమూరు నల్లగొండ జిల్లాలకు రేడియో, టెలివిజను, ఫోను ఏయే త్రోవలను వచ్చినవో చూచినగాని అందులోని నిజమెంతయో తెలియదు. చరిత్ర పాఠము చెప్పుకొని బ్రతికినవాడను గనుక నేనా త్రోవనే పోయెదను.

మొదట తరంగమన నేమో కొంచెము చెప్పుకొనవలెను. శబ్దము వ్యాపించు విధమును గూర్చి మన తార్కికులు రెండు న్యాయములు చెప్పిరి. ఒకటి వీచీతరంగ న్యాయము. చెరువులో రాయి వేసినపుడు అల వెనుక అల లేచి గట్టు చేరునట్లన్నమాట. రెండవది కదంబముకుళ న్యాయము. కడిమి మొగ్గ అన్ని వైపులకు ఒక్కసారిగా విచ్చుకొనునట్లు. వారు చెప్పినది చెవికి వినబడు శబ్దమును గూర్చియేగాని విద్యుదయస్కాంత తరంగములను గూర్చి కాదు. నేటి విద్యలన్నియు మన తాళపత్రములలో ముందే యున్నవని చెప్పు అలవాటు నాకు లేదు. అయినను పోలిక మాత్రము చక్కగా కుదురును.

చెరువు తూమునొద్ద నిలిపిన రాతి స్తంభములను మీరందరు చూచియుందురు. గాలివానకు లేచిన పెద్ద అల ఆ స్తంభమును లెక్కచేయక చుట్టుకొని సాగిపోవును. చిరుగాలికి లేచిన చిన్న అలలో, స్తంభమునకు తగిలి వెనుకకు మరలును. స్తంభము చాటున జానెడు మేర నీరు కదలక నిలుచును. అల పొడవునకును అడ్డము పరిమాణమునకును గల తూనికయే యిందలి కీలకము. హైదరాబాదు ఆకాశవాణివారి 738 కిలోహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 406 మీటర్లు. సెల్లుఫోను తరంగములలో 900 మెగాహెర్ట్‌జులది 33 సెంటీమీటర్లు, 1800 మెగాహెర్ట్‌జులది 17 సెంటీమీటర్లు మాత్రమే. ఒక టవరునుండి మరియొక టవరునకు మాటలను మోసికొనిపోవు సూక్ష్మతరంగము రెండు సెంటీమీటర్ల ప్రాంతమున నుండును. వీని నన్నింటిని ఒకే గాటకట్టి “సిగ్నలు” అనుటవలననే చిక్కు వచ్చుచున్నది.

ఈ మూడింటిలో మన యిండ్లకు ముందు వచ్చినది రేడియో. నిజాము ప్రభుత్వమువారు 1935 ఫిబ్రవరి 3వ తేదీన హైదరాబాదులో రేడియో కేంద్రమును తమ చేతిలోనికి తీసికొని ప్రసారములు సాగించిరి. దక్కను రేడియో యని జనులు పిలిచిన ఆ కేంద్రమునుండి ఉరుదూతోపాటు తెలుగు, కన్నడము, మరాఠీ కూడ వినవచ్చెడివి. 1950 ఏప్రిలు 1వ తేదీన అది ఆకాశవాణిలో కలిసెను. నాలుగువందల మీటర్ల ఆ దీర్ఘతరంగమునకు రాచకొండ గుట్టలుగాని దేవరకొండ దుర్గముగాని పెద్ద అడ్డము కాలేదు. కొండనంటి ఒరసికొనుచు వంగి, వెనుకనున్న పల్లెకును చేరెను. కొండనే లెక్కచేయని తరంగము గాలిమర రెక్కను లెక్కచేయునా?

అయితే ఇచ్చట ఒక వింత కలదు. 406 మీటర్లలో నాలుగవ వంతు సుమారు నూరు మీటర్లు. నేటి గాలిమరల ఉక్కు స్తంభములును ఇంచుమించు అంతే ఎత్తు. తరంగములో పాతికవంతు పొడవు కలిగి భూమిలో నాటుకొనియున్న లోహస్తంభము ఆ తరంగమునకు శ్రుతి కలిసిన తంబుర తీగవంటిది. తానును మ్రోగి తరంగమును మరల వెదజల్లును. కాబట్టి ప్రసార కేంద్రపు స్తంభమునకు కొలది కిలోమీటర్ల లోపల గాలిమరలు నిలిపినచో ప్రసారము ఒక దిక్కున బలిసి మరొక దిక్కున చిక్కును. డెబ్బది ఎనుబది కిలోమీటర్ల దూరమున నున్న మన గుట్టలమీద నాటిన మరవలన ఆ బాధ లేదు. మన ఊళ్లలో రేడియో గరగరలాడుటకు కారణము చాలవరకు ఇంటిలోనే యుండును: చవుకరకము ఎల్‌ఇడి బుగ్గ, బావికాడి మోటారు స్టార్టరు, పగిలిన పింగాణీ గిన్నెతో నిప్పురవ్వలు రాల్చు కరెంటు స్తంభము. నమ్మనివారు కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ రేడియో విప్పి చూడవచ్చును.

ఇక టెలివిజను. అది మన జిల్లాకు వచ్చిన విధము తలచుకొన్నచో నాకిప్పటికిని ఆశ్చర్యమే. హైదరాబాదు నగరమున దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23వ తేదీన నాటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారి చేతులమీదుగా ప్రారంభమయ్యెను. కాని పాలమూరు జిల్లాలోని కొన్ని పల్లెలు అంతకు రెండేండ్ల ముందే టెలివిజను చూచినవి! అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహమును ఎరవు తెచ్చుకొని మన ఇస్రోవారు 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు ఆకాశమునుండి నేరుగా బొమ్మలు పంపిరి. దానిని ‘సైట్’ ప్రయోగమనిరి. మన రాష్ట్రమున అందుకు ఎంచుకొన్న జిల్లాలలో మహబూబునగరు ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములు. అన్ని భాషలును కలిసి రోజుకు నాలుగు గంటలు.

నేనప్పుడు ఉన్నత పాఠశాల విద్యార్థిని. మా ఊరికి పెట్టె రాలేదు. పొరుగూరి బడికి వచ్చినదని విని మాపటివేళ పొలముల గట్లవెంట నడచిపోయి చూచితిమి. బడి ఆవరణలో మూడు మీటర్ల వెడల్పుగల పెద్ద గొడుగొకటి బోర్లించక వెల్లకిల నిలిపియుండెను. కోళ్ల గూటికి వాడు ఇనుప జాలితో అల్లినదది. దాని ముఖము పడమటి ఆకాశమువైపు. ఒక ముసలాయన దాని చుట్టు తిరిగి చూచి, “గీ గొడుగు ఏ దేవుని దిక్కు జూస్తున్నదిరా?” యని మమ్ము అడిగెను. ముప్పదియారువేల కిలోమీటర్ల ఎత్తున ఆఫ్రికా ఖండముమీద నిలిచియున్న ఉపగ్రహము దిక్కని మా సైన్సు మాస్టరుగారు చెప్పగా, ఆయన నమ్మినట్లు తోచలేదు. ఏడాది గడువు తీరగానే అమెరికావారు ఉపగ్రహమును మరలించుకొనిరి. పల్లెలలోని పెట్టెలు చీకటివడెను.

ఈ సంగతి ముచ్చటకొరకు చెప్పలేదు. పైనుండి వచ్చు తరంగమునకు నేలమీది గుట్ట అడ్డము రాదు. హైదరాబాదు కేంద్రము వచ్చిన తరువాత టెలివిజను నేలవెంట అడ్డముగా ప్రయాణము చేయవలసివచ్చెను. అప్పుడే మనకు కష్టములు మొదలయ్యెను. వెదురుబొంగునకు యాంటెన్నా కట్టి, ఒకడు మిద్దెమీద దానిని త్రిప్పుచు, ఒకడు వాకిట నిలిచి “వచ్చింది, పోయింది” అని కేకలువేయుచు, ఒకడు లోపల బొమ్మ చూచుచు నుండిన దినములు మీకు జ్ఞాపకముండును. బొమ్మ ప్రక్కనే నీడవంటి రెండవ బొమ్మ కానవచ్చెడిది. నేరుగా వచ్చిన తరంగమొకటి, గుట్టకు తగిలి చుట్టుత్రోవను ఆలస్యముగా వచ్చిన తరంగమొకటి. రెండును కలిసిన ఫలమది. గుట్ట కదలదు గనుక ఆ నీడయు కదలక నిలిచెడిది.

ఆ గుట్టయే కదలినచో? గాలిమరను గూర్చిన మాట పుట్టినది అక్కడనే.

1973లో చమురు కరవు వచ్చినపిమ్మట అమెరికా ప్రభుత్వమువారు గాలినుండి విద్యుత్తు తీయుటకు పూనుకొని, 1975లో ఒహాయో రాష్ట్రమున సాండస్కీ యను ఊరి దగ్గర ప్లమ్ బ్రూక్ అనుచోట 100 కిలోవాట్ల మరను నిలిపిరి. దాని రెక్కలు లోహమువి. అవి తిరుగుచున్నంతసేపు అచ్చటి టెలివిజనులలో బొమ్మ రెక్కల లయను అనుసరించి అదరుటను మిషిగన్ విశ్వవిద్యాలయ పండితులు గమనించి పరీక్షించిరి. అందొకరు థామస్ సీనియర్, మరియొకరు దీపక్ సేన్‌గుప్తా. రెండవవారు వంగదేశీయులని పేరే చెప్పుచున్నది. వారు తేల్చిన విషయములు మూడు మనకు పనికివచ్చును. బొమ్మ చెడునుగాని మాట చెడదు. తరంగము ఎంత పొట్టిదైన బాధ అంత దూరము వ్యాపించును. ఇల్లు ఏ దిక్కున నున్నదను దానినిబట్టి బాధ రెండు తెరగులు.

ఈ రెండు తెరగులను వివరింతును. ప్రసార కేంద్రమునకును గాలిమరకును నడుమ ఇల్లున్నదనుకొనుడు. మరకు తగిలి వెనుకకు మరలిన తరంగము ఆలస్యముగా వచ్చి, రెక్క ఒక్కొక్కసారి మెరసినపుడెల్ల నీడబొమ్మను చూపును. మంచి యాంటెన్నా కేంద్రమువైపు ముఖము పెట్టి మరకు వీపు చూపును గనుక ఈ బాధ చాలవరకు తీరును. మర నడుమ నుండి ఇల్లు దాని చాటున నున్నచో సంగతి వేరు. అసలు తరంగము వచ్చు దిక్కును, బాధ వచ్చు దిక్కును ఒక్కటే. ఏ యాంటెన్నాయు రెంటిని వేరుచేయలేదు. బొమ్మ వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండును.

1979లో ఉత్తర కరొలైనా రాష్ట్రమున బూన్ అను పట్టణముమీది కొండపై 2 మెగావాట్ల మరను నిలిపిరి. ఉక్కు రెక్కలు రెండు, వ్యాసము సుమారు 61 మీటర్లు. క్రింది లోయలోని ఇండ్లవారు మర మ్రోతను గూర్చియు, టెలివిజను బొమ్మల వణకును గూర్చియు మొరపెట్టిరి. కొలది ఏండ్లకే దానిని విప్పివేసిరి. ఆ యేడే రోడ్ ఐలండు రాష్ట్రపు బ్లాక్ ఐలండు అను చిన్న దీవిలో 200 కిలోవాట్ల మర వెలసెను. అచ్చటను టెలివిజనునకు బాధ కలుగగా, దానిని తీర్చుటకు దీవివారికి కేబులు తీగలద్వారా బొమ్మలందించు ఏర్పాటు జరిగెను. అనగా మనము వినుచున్న మాట కట్టుకథ కాదు; ఎవరో నిజముగా అనుభవించి చెప్పినదే. అది దేశములు తిరిగి, నలుబది ఏండ్లు నడచి, మన గుట్టల చెంతకు వచ్చినది.

ఆ నలుబది ఏండ్లలో ఏమి జరిగెనో చూడుడు. తెలుగు దేశమున గాలిమరలు తిరుమల కొండమీద యాత్రికులకు కానవచ్చెను. అనంతపురము జిల్లా రామగిరి గుట్టలమీద 1990ల దశాబ్దమున వరుసలు తీరెను. ఆంధ్రప్రదేశములో నేడు నాలుగువేల మెగావాట్లకు పైబడి యున్నవి. మన తెలంగాణమున సుమారు 128 మెగావాట్లు మాత్రమే. అందులో పెద్దభాగము 2016 ప్రాంతమున పరిగి మండలమున నిలిపినది. పరిగి ఇప్పుడు వికారాబాదు జిల్లాలోనిదైనను నిజాము కాలమున మన మహబూబునగరు జిల్లా తాలూకాయే. కాబట్టి మన ఎగువ భూములలో గాలిమర అడుగుపెట్టిన చోటది యని చెప్పుకొనవచ్చును. ఆషాఢపు గాలికి వాని రెక్కలు తిరుగుట ఆ దారిని పోవువారు చూచియే యుందురు.

అప్పటికి మన పల్లెలలో వెదురుబొంగు యాంటెన్నాలు ఎక్కడివి? ఇంటింట కేబులు తీగయో, గోడమీద చిన్న గొడుగో యున్నది. దూరదర్శనువారు వెనుకటి పద్ధతి భూతల ప్రసారములను క్రమముగా మాన్పుచు వచ్చి, వ్యూహముదృష్ట్యా అవసరమైన కొన్నిచోట్ల తప్ప తక్కినవానిని 2022 మార్చి నాటికి నిలిపివేయ నిశ్చయించిరి. నేటి గొడుగు ముఖమెత్తి చూచునది నెత్తిమీదికి వచ్చిన సూర్యునివంటి ఉపగ్రహమును. మన ప్రాంతమునుండి ఉచిత ప్రసారముల ఉపగ్రహము అరువది డిగ్రీలకు పైగా ఎత్తున నుండును. గాలిమర కాళ్లదగ్గర ఇల్లు కట్టుకొన్నవానికి తప్ప అది అడ్డము రాదు. పైగా నేటి ప్రసారము అంకెల రూపమున వచ్చును గనుక నీడబొమ్మ యను మాటయే లేదు. రెక్కలును లోహమువి కావు, గాజుపీచువి. పిడుగునుండి కాపాడుటకు లోపల ఒక లోహపు తీగ మాత్రముండును. ఒక్కమాటలో, రోగము ఊరు చేరునప్పటికి రోగి వేరొక ఊరికి కాపురము మార్చెను. ఎఫ్‌ఎం రేడియోను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మర కాళ్లదగ్గర తప్ప దానికి బాధ అరుదు.

సెల్లుఫోను సంగతి మిగిలినది. నేడు ఇది వినోదము కాదు, ప్రాణావసరము. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినవానికి 108 బండిని పిలువవలెనన్నను, చౌకధరల దుకాణములో వ్రేలిముద్ర పడి బియ్యము రావలెనన్నను సిగ్నలు కావలెను. కాబట్టి రైతు అడిగినది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

ఫోను నుండి టవరునకు పోవు తరంగము పొట్టిదే. గాలిమర స్తంభము దానికి కొంత నీడ పట్టును. కాని ఆ నీడ స్తంభము వెనుక కొలది మేరయే. ఫోను పట్టుకొని నాలుగడుగులు ప్రక్కకు జరిగిన అది తప్పును. ఒక టవరు చాటైన మరొక టవరు అందుకొనును. మన ఊళ్లలో ఫోను పలుకకపోవుటకు అసలు కారణములు పాతవే: టవరు దూరము, నడుమ గుట్ట, కరెంటు పోయినపుడు టవరు బ్యాటరీ చాలకపోవుట, ఒక్క టవరుమీద పదివేల ఫోనుల బరువు. నల్లమలలో అమ్రాబాదు పైభాగమున చెంచు పెంటలను అడుగుడు. గాలిమర లేకయే అచ్చట సిగ్నలునకు గుట్ట ఎక్కవలసిన చోట్లున్నవి. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరుగగా కాకియే పడగొట్టినదనుట కాకతాళీయ న్యాయము. మర లేచిన నెలలోనే టవరు చెడినచో నింద మరమీద పడుటయు అట్టిదే.

ఇంతవరకు గాలిమర పక్షమున చెప్పితిని. ఇక రెండవ పక్షము. జనులు భయపడుచున్నచోట భయము తక్కువ, భయపడనిచోటనే కలదు.

మనము ఫోనులో మాటాడిన మాట మన ఊరి టవరుతో ఆగదు. భూమిలో గాజు తీగ పాతనిచోట్ల అది ఒక టవరునుండి మరొక టవరునకు, గుట్టనెత్తినుండి గుట్టనెత్తికి, సన్నని కిరణమువలె పోవును. తప్పెటవంటి గుండ్రని యాంటెన్నాలను టవరుల నడుమున చూచియుందురు; వానిపని అదియే. ఈ కిరణము గీతవంటిది కాదు, నడుమ లావైన కండెవంటిది. ఇరువది కిలోమీటర్ల దూరముగల రెండు టవరుల నడుమ రెండు సెంటీమీటర్ల తరంగమునకు సరిగా మధ్యలో ఆ కండె వ్యాసార్ధము పది మీటర్లు. ఆ మేర ఖాళీగా నుండవలెను. నూరు మీటర్లకు పైబడిన వ్యాసముతో తిరుగు రెక్కలు ఆ కండెలోనికి వచ్చెనా, నిమిషమునకు ముప్పది నుండి అరువది మార్లు కిరణము దెబ్బతినును. అప్పుడు చెడునది గాలిమర నాటిన ఊరి ఫోను కాకపోవచ్చును. పది కోసుల అవతల, మరను కంట చూడని ఊళ్ల ఫోనులు చెడును. వారికి కారణమే తోచదు. విమానములను, మేఘములను కనిపెట్టు రాడారులకును ఇట్టి చిక్కే కలదు. కదలు రెక్కలను అవి కదలు వస్తువులుగనే లెక్కించును.

ఇది తప్పించుకొనరానిది కాదు. ఏ టవరు ఏ టవరును చూచుచున్నదో పటముమీద గీత గీసిన తెలియును. మరను నాలుగువందల అడుగులు ప్రక్కకు జరిపిన కండె తప్పును. జరుపుటకు చోటు లేనిచో కిరణమునే మరొక టవరు మీదుగ త్రిప్పవచ్చును, లేదా గాజు తీగ పాతవచ్చును. బ్రిటనులో గాలిమరలు నిలుపువారు ముందుగా ఈ కిరణములవారిని సంప్రదించుట వాడుక. మన దేశమున 2016లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు మరకును నివాస గృహమునకును 500 మీటర్ల దూరముండవలెనని చెప్పినవి. అది మ్రోతను ఉద్దేశించినది. కిరణముల లెక్క మాత్రము స్తంభము పునాది త్రవ్వకముందే, పొలము కాగితముమీద వ్రేలిముద్ర పడకముందే అడిగి చూపించుకొనవలసినది. నిలిచిన మరను కదలించువాడు లేడు.

ఈ లెక్క మన జిల్లాలకు మరింత ముఖ్యమగుటకు ఒక కారణము కలదు. చెన్నపట్టణములోని జాతీయ పవనశక్తి సంస్థవారు నూరు మీటర్ల ఎత్తున తెలంగాణములో 4,244 మెగావాట్లకు తగిన గాలి కలదని లెక్కకట్టిరి. ఆ గాలి చదును పొలములలోకంటె గుట్టనెత్తుల మీదను, ఎత్తైన మెరకలమీదను బాగుగ వీచును. వెనుకటి రాజులు కోయిలకొండలోను, పానుగల్లులోను, దేవరకొండలోను కోటలు కట్టినది అక్కడనుండి చూపు దూరము సాగునని. ఫోను కంపెనీలవారు గుట్టమీద టవరు వేయుటయు ఆ చూపు కొరకే. గాలిమరలవారు గుట్ట కోరునది గాలి కొరకు. కారణములు వేరైనను ముగ్గురి కన్నును పడునది ఒక్క గుట్టమీదనే. మొదటివారు వెళ్లిపోయి మూడువందల ఏండ్లకు పైనైనది, తక్కిన యిద్దరు ఇప్పుడు దానిమీద కలిసికొనుచున్నారు.